పాప రిపోర్టులో ఎస్‌టీఎక్స్‌బీపీ1 మ్యుటేషన్ అని వచ్చింది. నాడీకణాల మధ్య సంకేతం తగ్గితే ఫిట్స్ ఎందుకు వస్తాయి?

హనుమకొండ_నాన్న:

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. మా పాపకు ఏడాది దాటింది. రెండో నెలలోనే ఫిట్స్ మొదలయ్యాయి, మొదట్లో ఉలిక్కిపడుతోంది అనుకున్నాం, తర్వాత ఒక పక్క చెయ్యీ కాలూ కొట్టుకోవడం, కళ్లు తేలేయడం చూసి భయపడి పరుగెత్తాం. మెడ ఆలస్యంగా నిలబడింది, ఇంకా సొంతంగా కూర్చోదు, చేతులు సన్నగా వణుకుతుంటాయి. ఎమ్మారైలో ఏమీ లేదన్నారు, మెదడులో కరెంటు తీరు చూసే ఈఈజీ మాత్రం బాగాలేదు. చివరికి జెనెటిక్ టెస్టుకు పాప రక్తంతో పాటు నాది, నా భార్యది కూడా పంపారు.

రిపోర్టు వచ్చింది. ఎస్‌టీఎక్స్‌బీపీ1 అనే జన్యువు, ఒక కాపీలోనే మార్పు, మిస్‌సెన్స్, డీ నోవో, పాథోజెనిక్ (జబ్బు తెచ్చేది) అని రాసి ఉంది. 406వ స్థానంలో ఆర్జినైన్ ఉండాల్సిన చోట హిస్టిడిన్ వచ్చిందట. డాక్టర్ గారు మంచివారే, కానీ ఆ రోజు బయట వరండా నిండా జనం, ఆయన చెప్పగలిగింది ఇంతే: నాడీకణాలు ఒకదానికొకటి సంకేతం పంపుకోవడానికి కావలసిన ప్రొటీన్ పాపలో సరిగా లేదు, అందుకే సంకేతాలు తగ్గుతున్నాయి.

ఇంటికి వచ్చాక నాకు నిద్ర పట్టకుండా చేస్తున్నది ఆ మాటే. సంకేతాలు తగ్గితే మెదడు మందగించాలి కదా, మరి ఫిట్స్ ఎందుకు? ఫిట్స్ అంటే మెదడులో కరెంటు ఎక్కువై కొట్టడం అని అదే హాస్పిటల్లో నర్సు చెప్పింది. తగ్గిందంటారు, ఎక్కువైందంటారు, ఏది నిజం? ఇంకోటి, రెండు కాపీల్లో ఒకటి మంచిగానే ఉందంటున్నారు, అది సరిపోదా?

మూడోది అడగడానికి కష్టంగా ఉంది. మాది మేనరికం, నా భార్య మా మేనమామ బిడ్డ. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మా అమ్మ ఒకటి అంటే మా అత్త ఇంకోటి అంటుంది, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు బయటికి వెళ్లింది అని కూడా అన్నారు, ఆమె మాట్లాడటమే మానేసింది. మంచైనా చెడైనా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నేను బీకాం చదివాను, బయాలజీ పదో తరగతి దాకానే, కొంచెం విప్పి చెప్తే అర్థం చేసుకుంటాను.


జనగామ_రైతుబిడ్డ:

అన్నా, చదువుతుంటే మనసు పాడైంది. మా ఊళ్లో కూడా మేనరికం చేసుకున్న ఇంట్లో ఇద్దరు పిల్లలు నడవలేని వాళ్లు ఉన్నారు. నాకు తెలిసి ఇది దాని వల్లే, రెండో బిడ్డను మాత్రం కనకండి. మేడారం అమ్మలకు నిలువెత్తు బంగారం (బెల్లం) మొక్కుకోండి, ధైర్యం వస్తుంది.


పరకాల_స్కాలర్:

అన్నా, మాది పరకాల దగ్గర పల్లె. కాకతీయ యూనివర్సిటీలో జువాలజీ చదివి, ఇప్పుడు బయట ఒక ల్యాబ్‌లో నాడీకణాలు కలిసే చోట ఉండే ప్రొటీన్ల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను. డాక్టర్‌ను కాదు కాబట్టి మందుల విషయంలో నా మాట పట్టుకోకండి. కానీ మీరు అడిగిన మొదటి ప్రశ్న దగ్గరే ఈ జబ్బు మర్మమంతా ఉంది, అందుకని కాస్త పొడవుగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

రెండు నాడీకణాలు ఒకదాన్నొకటి అంటుకుని ఉండవు. మధ్యలో సుమారు 20 నానోమీటర్ల సందు ఉంటుంది, దాన్నే సినాప్స్ అంటారు. మొదటి కణంలో పరుగెత్తుకుంటూ వచ్చిన విద్యుత్ సంకేతం ఆ సందు దగ్గర ఆగిపోతుంది, దాటలేదు. అక్కడ చిన్నచిన్న తిత్తుల్లో రసాయనం నింపి సిద్ధంగా ఉంటుంది. విద్యుత్తు రాగానే కాల్షియం లోపలికి వస్తుంది, తిత్తి పొర కణం పొరతో కలిసిపోతుంది, రసాయనం సందులోకి పడుతుంది, అవతలి కణం మీదున్న రిసెప్టర్లు దాన్ని పట్టుకుంటాయి. ఇదంతా ఒక సెకనులో వెయ్యో వంతు అటూ ఇటూగా అయిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. తిత్తి పొర, కణం పొర రెండూ కొవ్వు పొరలు, పక్కపక్కన పెట్టినంత మాత్రాన వాటంతట అవి కలవవు. మూడు ప్రొటీన్లు ఒకదాని చుట్టూ ఒకటి గట్టిగా మెలిపడాలి: తిత్తి మీద ఉండే సినాప్టోబ్రెవిన్, కణం పొర మీద ఉండే సింటాక్సిన్, స్నాప్-25. ఆ మెలి బలానికే రెండు పొరలూ దగ్గరికి వచ్చి ఒకటవుతాయి. కాల్షియం వచ్చిందని కనిపెట్టేది సినాప్టోటాగ్మిన్ అనే ఇంకో ప్రొటీన్. ఈ మూడూ సరైన చోట సరైన తీరులో మెలిపడేలా సింటాక్సిన్‌ను పట్టుకుని కుదిర్చేది మంక్18-1. మీ పాప రిపోర్టులో ఉన్న జన్యువు తయారు చేసేది ఈ మంక్18-1నే. జన్యువుకు ఒక పేరు, ప్రొటీన్‌కు ఇంకో పేరు ఉండటంతో వెతికేటప్పుడు తికమక పడతారు, రెండు పేర్లతోనూ వెతకండి. కణాల్లో తిత్తుల రవాణా ఎలా జరుగుతుందో విప్పి చెప్పినందుకే 2013లో రోత్‌మన్, షెక్‌మన్, జుడోఫ్ ముగ్గురికీ వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఈ ప్రొటీన్ ఎంత ముఖ్యమో నెదర్లాండ్స్‌లో వెర్‌హాగే బృందం 2000లో చూపించింది. మంక్18-1 బొత్తిగా లేని ఎలుకలను తయారు చేశారు. కడుపులో వాటి మెదడు మామూలుగానే కట్టుకుంది, కణాలు ఒకదానికొకటి ఎదురుగా చేరాయి, సినాప్సులు కూడా ఏర్పడ్డాయి, కానీ ఒక్క తిత్తి కూడా రసాయనం వదల్లేదు. పుట్టగానే అవి చనిపోయాయి. ఎమ్మారైలో పాప మెదడు మామూలుగా కనిపించడం ఎలా సాధ్యం అని మీకు అనిపించి ఉంటే, కారణం ఇక్కడే ఉంది. మెదడు కట్టడం వేరు, సంకేతం దాటించడం వేరు, ఎమ్మారై చూపించేది మొదటిదాన్నే.

రెండో కాపీ సంగతి. 9వ క్రోమోజోమ్ మీద ఈ జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. మంక్18-1లో సుమారు ఆరు వందల అమైనో ఆమ్లాలు ఉంటాయి, అవి వరుసగా చేరి ఒక ఆకారంలోకి ముడుచుకుంటేనే ప్రొటీన్ పని చేస్తుంది. మిస్‌సెన్స్ అంటే ఆ వరుసలో ఒకటి మారడం. ఆ ఒక్కటే మారినా ముడత వదులై, ఆకారం నిలబడక, కణమే ఆ ప్రొటీన్‌ను పనికిరానిదిగా గుర్తించి కరిగించేస్తుంది. ఈ జన్యువులో చాలా మిస్‌సెన్స్ మార్పులకు జరిగేది ఇదే. కాబట్టి మిగిలేది సుమారు సగం. చాలా జన్యువులకు సగం సరిపోతుంది, మనకు తెలియకుండానే ఎంతోమందిమి అలా బతికేస్తున్నాం. మంక్18-1కు అలా కుదరదు, ఎందుకంటే నాడీకణం ఒక్కసారి సంకేతం పంపి ఊరుకోదు, సెకనుకు పదులసార్లు పంపాల్సి వస్తుంది, ఖాళీ అయిన చోట కొత్త తిత్తులను మళ్లీమళ్లీ సిద్ధం చేస్తూ ఉండాలి. ప్రొటీన్ సగమే ఉంటే మొదటి సంకేతాలు బాగానే దాటుతాయి, వరుసగా పంపాల్సి వచ్చినప్పుడు వెనకబడిపోతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. కొన్ని మిస్‌సెన్స్ మార్పుల్లో చెడ్డ ప్రొటీన్ కరిగిపోకుండా ముద్దలు కట్టి, మంచి కాపీ నుంచి వచ్చిన ప్రొటీన్‌ను కూడా తనతో లాగేసుకుంటుందని 2018లో వచ్చిన పనిలో కనిపించింది. అప్పుడు సగం కన్నా తక్కువే మిగులుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. తగ్గితే ఫిట్స్ ఎందుకు?

మెదడులో కణాలన్నీ ఒకే పని చేయవు. గ్లుటమేట్ వదిలే కణాలు అవతలి కణాన్ని రేపుతాయి. గాబా వదిలే కణాలు అవతలి కణాన్ని ఆపుతాయి. ఈ రెండోవి సంఖ్యలో తక్కువ, కానీ వాటిలో కొన్ని చాలా వేగంగా, తెరిపి లేకుండా సంకేతాలు పంపుతూ ఉండాలి. మన దగ్గర చెరువు సంగతి తీసుకోండి. నిండితే మత్తడి దూకుతుంది కాబట్టే కట్ట నిలుస్తుంది. పైనుంచి వచ్చే వాగు కొంచెం సన్నబడి, మత్తడి కూడా సగం పూడుకుపోయిందనుకోండి, మొత్తం నీటి లెక్క తీస్తే తగ్గినట్టే కనిపిస్తుంది, కానీ ఒక గట్టి వానకు కట్ట తెగుతుంది. పాప మెదడులో సంకేతం తగ్గింది అని డాక్టర్ గారు అన్నది నిజమే, కరెంటు ఎక్కువై కొడుతోంది అని నర్సు అన్నదీ నిజమే. ఆపే కణాల సంకేతం తగ్గడం వల్లే రేపే కణాలకు అడ్డు లేకుండా పోతుంది.

ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు. ఈ జన్యువు ఒక కాపీ తీసేసిన ఎలుకల మీద 2020లో వచ్చిన పనిలో, ఆపే కణాల్లో రెండు రకాలను విడిగా చూశారు, ఒక రకం పంపే సంకేతం బలహీనపడింది, ఇంకో రకానికి అవతలి కణాలతో సంబంధాలే తగ్గాయి.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే మన ఊళ్లలో అందరికీ తెలిసిన జబ్బే ఉంది, ధనుర్వాతం. తుప్పు పట్టిన మేకు గుచ్చుకుందనో పార తగిలిందనో టీటీ ఇంజక్షన్ వేయించుకుంటాం కదా. ఆ బ్యాక్టీరియా విషం వెన్నుపాములోకి చేరి కోసేది ఏ ప్రొటీన్‌నో తెలుసా? నేను పైన చెప్పిన సినాప్టోబ్రెవిన్‌నే. అది కోస్తే సంకేతం ఆగిపోవాలి, నిజంగానే ఆగుతుంది, కానీ ఆ విషం చేరేది ఆపే కణాల్లోకి. ఆపేవి ఆగిపోతే కండరాలు బిగుసుకుపోయి మనిషి విల్లులా వంగిపోతాడు. బొటులినం అని ఇంకో విషం ఉంది, అందులో బీ రకం కోసేది కూడా ఇదే సినాప్టోబ్రెవిన్‌ను, అదీ సరిగ్గా అదే చోట, కానీ అది పని చేసేది కండరానికి ఆజ్ఞ ఇచ్చే నరం చివర. అందుకని కండరం బిగుసుకోదు, చచ్చుబడుతుంది. ఒకటే ప్రొటీన్, ఒకటే కోత. ఏ కణంలో కోసిందన్న దాన్ని బట్టి ఒక మనిషి బిగుసుకుపోతాడు, ఇంకో మనిషి కూలబడిపోతాడు.

అందుకే రిపోర్టులో సంకేతం తగ్గింది అనే ఒక్క మాట ఉంటే అది సగం సమాచారమే. ఏ కణాలది తగ్గింది అనేది రెండో సగం. రేపే కణాల వైపు తగ్గుదల కూడా వేరే రకం ఫిట్స్‌కు దారి తీస్తుందని 2019లో ఎలుకల్లో చూపించారు, కాబట్టి అంతా గాబా మీదే తోసేయడం కూడా సరికాదు. పాప కూర్చోవడం, మాట రావడం ఆలస్యం కావడానికి కూడా ఫిట్స్ ఒక్కటే కారణం కాదు. కొత్తది నేర్చుకోవాలంటే సినాప్సుల్లో సంకేతం సరిగా దాటాలి కదా, ఆ పనే కుంటుపడుతోంది. ఫిట్స్ ఆగితే అన్నీ వాటంతట అవే వచ్చేస్తాయని ఎదురుచూడకుండా ఫిజియోథెరపీ ఇప్పుడే గట్టిగా పట్టుకోండి.


కరీంనగర్_అమ్మ:

తమ్ముడూ, నీ పోస్టు చూసి రాయకుండా ఉండలేకపోయాను. మా బాబుకు ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో మార్పు, డ్రావే సిండ్రోమ్ అనే ఫిట్స్ జబ్బు. జన్యువు వేరు, కానీ పరకాల తమ్ముడు చెప్పిన ఆపే కణాల సంగతి మాకు కూడా అచ్చంగా అదే.

మా వాడికి ఆరో నెలలో జ్వరంతో మొదటి ఫిట్స్ వచ్చాయి. జ్వరం ఫిట్సే కదా, పెద్దయితే పోతాయి అన్నారు. పోలేదు, ఏ జ్వరం వచ్చినా గంట దాకా కొట్టుకునేవాడు. ఒక చోట కార్బమాజిపైన్ మొదలుపెట్టారు. మందు డోసు పెంచిన కొద్దీ ఫిట్స్ పెరిగాయి. మేము మందు చాలట్లేదేమో అనుకుని ఇంకా పెంచమని అడిగేవాళ్లం. జీన్ టెస్టు వచ్చాక ఇంకో డాక్టర్ గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఎస్‌సీఎన్1ఏ తయారు చేసేది సోడియం చానల్ ప్రొటీన్‌ను, విద్యుత్ సంకేతం కణంలో పరుగెత్తడానికి అది కావాలి, ముఖ్యంగా ఆపే కణాలు దాని మీదే ఎక్కువగా ఆధారపడతాయి. మా వాడిలో ఆ చానల్ ఇప్పటికే సగం. కార్బమాజిపైన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ లాంటివి సోడియం చానల్‌ను అడ్డుకునే మందులు. ఉన్న సగాన్ని కూడా మందు అడ్డుకుంటోందన్నమాట. ఆ మందు మెల్లగా తగ్గించి వాల్‌ప్రోయేట్, క్లోబజామ్ మీదికి మార్చారు. పూర్తిగా పోలేదు, కానీ ఐసీయూ దాకా పోవడం చాలా తగ్గింది.

విచిత్రం ఏమిటంటే, మా గ్రూపులో ఇంకో పాప ఉంది, ఎస్‌సీఎన్2ఏ. అదీ సోడియం చానలే. ఆ పాపలో మ్యుటేషన్ వల్ల చానల్ పని తగ్గలేదు, పెరిగింది. పుట్టిన వారంలోనే ఫిట్స్ వచ్చాయి, ఆ పాపకు సోడియం చానల్‌ను అడ్డుకునే మందే పని చేసింది. మా వాడికి విషంలా అయినది ఆ పాపకు దిక్కయింది. అందుకే నేను ప్రతి తల్లికీ చెప్తాను, జన్యువు పేరు ఒక్కటే రాసుకుని ఇంటికి రావద్దు, ఈ మార్పు వల్ల ప్రొటీన్ పని తగ్గిందా, పెరిగిందా అని అడగండి, ఏ మందులు ఇవ్వకూడదో కాగితం మీద రాయించుకోండి. ఊళ్లో అర్ధరాత్రి ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ముందు ఆ కాగితమే చూపించాలి.

ఇంకోటి, ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం, నోట్లో చెంచా పెట్టడం మీ ఇంట్లో ఎవరైనా చేస్తే గట్టిగా ఆపు. పాపను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టు, టైమ్ చూసుకో. అయిదు నిమిషాలు దాటితే వాడటానికి ముక్కులో కొట్టే మిడజొలామ్ స్ప్రే రాసిమ్మని డాక్టర్ గారిని అడుగు, ఇంట్లో ఒకటి, బయటికి పోయే సంచిలో ఒకటి పెట్టుకో. నీ భార్యను నాతో మాట్లాడించు, మెసేజ్ పెట్టు. తల్లి బాధ తల్లికి తెలుస్తుంది.


నర్సంపేట_జువాలజీ:

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. మేనరికం గురించి మాట్లాడదామని వచ్చాను, ఎందుకంటే మన దగ్గర బిడ్డకు ఏ లోపం ఉన్నా ముందు ఆ మాటే వస్తుంది, ఆ మాట ఎప్పుడూ తల్లి మీదే పడుతుంది.

హనుమకొండ బాబూ, నీ రిపోర్టులోనే జవాబు ఉంది, డీ నోవో అని. అంటే ఆ మార్పు నీ రక్తంలో లేదు, నీ భార్య రక్తంలో లేదు. బిడ్డతోనే కొత్తగా మొదలైంది. మేనరికం వల్ల వచ్చే జబ్బుల లెక్క పూర్తిగా వేరు. అక్కడ ఒకే తాతనో అమ్మమ్మనో మోసిన చెడ్డ కాపీ ఒకటి భర్తకు, ఒకటి భార్యకు వస్తుంది, ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, బిడ్డకు రెండూ చెడ్డవే చేరితే జబ్బు బయటపడుతుంది. జనగామ తమ్ముడు చెప్పిన ఇంట్లో అదే జరిగి ఉండొచ్చు. మేనబావ మరదళ్లు జన్యువుల్లో ఎనిమిదో వంతు పంచుకుంటారు, కాబట్టి ఆ ప్రమాదం నిజమైనదే, మేనరికం మంచిదని నేను ఎవరికీ చెప్పను. కానీ మీ పాపలో చెడింది ఒక్క కాపీయే, అదీ మీ ఇద్దరిలో ఎవరి దగ్గరా లేనిది. బయటి సంబంధం చేసుకున్నా ఇది వచ్చే అవకాశం ఇంతే ఉండేది.

ఈ కొత్త మార్పులు అరుదైనవి కూడా కావు. పుట్టే ప్రతి మనిషిలో తల్లిదండ్రుల్లో లేని మార్పులు సుమారు 60 నుంచి 70 దాకా ఉంటాయి. నాలో ఉన్నాయి, నీలో ఉన్నాయి, ఇది చదువుతున్న అందరిలో ఉన్నాయి. డీఎన్ఏ కాపీ అవుతున్నప్పుడు జరిగే పొరపాట్లు అవి. మన డీఎన్ఏలో చాలా భాగం ప్రొటీన్ తయారీకి సంబంధం లేనిది కాబట్టి దాదాపు అన్నీ అక్కడ పడి ఏ హానీ చేయకుండా ఉండిపోతాయి. మీ పాపకు ఒకటి ముఖ్యమైన చోట పడింది. ఇంట్లో తల్లిని నిందించే వాళ్లకు ఇంకో నిజం చెప్పు. ఇలాంటి కొత్త మార్పుల్లో ఎక్కువ భాగం వచ్చేది తండ్రి వైపు నుంచి, వీర్యకణాలను తయారు చేసే కణాలు జీవితాంతం కాపీ అవుతూనే ఉంటాయి కాబట్టి. నిన్ను తప్పుపట్టడానికి చెప్పడం లేదు, నువ్వు చేసింది ఏమీ లేదు, ఎవరూ ఆపగలిగేదీ కాదు. ఆ అమ్మాయి మీద పడుతున్న మాట ఎంత అన్యాయమో ఇంట్లో పెద్దలకు తెలియాలని చెప్తున్నాను. గ్రహణం మాట అయితే ఇక్కడితో వదిలెయ్యండి, చంద్రుడి నీడకు 406వ అమైనో ఆమ్లం మారదు.

రెండో బిడ్డను కనొద్దు అని ఇంత సులువుగా ఎవరూ చెప్పకూడదు. రక్తంలో కనిపించకపోయినా, అరుదుగా తల్లి అండాశయంలోనో తండ్రి వృషణాల్లోనో కొన్ని కణాల్లో మాత్రమే ఆ మార్పు దాగి ఉండొచ్చు, అందుకని మళ్లీ వచ్చే అవకాశం వందలో ఒకటి దాకా ఉంటుందని చెప్తారు. మార్పు ఏమిటో ఇప్పటికే తెలుసు కాబట్టి మళ్లీ గర్భం వస్తే 11 నుంచి 13 వారాల మధ్య మాయ ముక్క తీసి చూడొచ్చు, లేదంటే 16వ వారం ప్రాంతంలో ఉమ్మనీరు తీసి చూడొచ్చు. హైదరాబాద్‌లో నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లో డీఎన్ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ ఉంది. కాజీపేటలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. మేనరికం కాబట్టి ఆ జెనెటిక్ టెస్టు రిపోర్టులో మీరిద్దరూ మోస్తున్న వేరే జబ్బు కాపీలు ఏమైనా ఉన్నాయా అని కూడా అక్కడ అడగండి, ఈ జబ్బుతో సంబంధం లేకపోయినా రెండో బిడ్డకు అది ఉపయోగపడుతుంది.


జనగామ_రైతుబిడ్డ:

సార్, మంచిగ చెప్పిండ్రు. నాకు ఒక అనుమానం. పరకాల అన్న ధనుర్వాతం గురించి రాసిండు కదా, దెబ్బ తగిలేది కాలికి, ఆ విషం వెన్నుపాము దాకా ఎట్ల పోతుంది?


పరకాల_స్కాలర్:

నరం లోపలి నుంచే పోతుంది తమ్మీ. గాయం దగ్గర కండరానికి వచ్చే నరం చివర ఆ విషాన్ని లోపలికి తీసుకుంటుంది. నరం పోగు లోపల సరుకులు చివరి నుంచి కణం దేహానికి వెనక్కి వెళ్లే రవాణా ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, విషం దానితో పాటే పైకి వెళ్లి వెన్నుపాములో ఆ కణం నుంచి బయటపడి, దాన్ని ఆపే పక్క కణంలోకి చేరుతుంది. బొటులినం అలా పైకి పోకుండా చాలావరకు నరం చివరే ఉండిపోతుంది. రెండింటి మధ్య తేడా అంతా ఈ ప్రయాణంలోనే ఉంది.


హనుమకొండ_నాన్న:

నిన్న రాత్రి ఇవన్నీ నా భార్యకు చదివి వినిపించాను. నర్సంపేట సార్ రాసింది రెండుసార్లు చదవమంది. పొద్దున మా అమ్మకు, అత్తకు కూడా చదివాను, మా అమ్మ ఏమీ అనలేదు, పాపను ఎత్తుకుని బయటికి తీసుకుపోయింది. కరీంనగర్ అక్కా, మా ఆమె మీకు మెసేజ్ పెట్టింది.

ఇంకొక్కటి అడగాలి. ఒక వాట్సాప్ గ్రూపులో ఫినైల్ బ్యూటిరేట్ అనే మందు ఈ జన్యువుకు పని చేస్తుందని, తెప్పించి ఇస్తామని ఒకతను చెప్తున్నాడు. జీన్ థెరపీ కూడా వచ్చేసిందని అంటున్నాడు. నిజమేనా? అప్పు చేసైనా ఇప్పిద్దామని ఉంది.


పరకాల_స్కాలర్:

అన్నా, డబ్బు కట్టకండి. ముందు ఆ మందు సంగతి చెప్తాను, ఎందుకంటే అందులో నిజం కొంత ఉంది, అందుకే నమ్మాలనిపిస్తుంది.

ఫినైల్ బ్యూటిరేట్ పాత మందే, యూరియా సైకిల్ లోపాలున్న పిల్లలకు రక్తంలో అమోనియా తగ్గించడానికి వాడతారు. దానికి ఇంకో గుణం ఉంది, సరిగా ముడుచుకోని ప్రొటీన్ ఆకారం నిలబడటానికి సాయం చేస్తుంది. నేను ముందు చెప్పిన 2018 పనిలోనే ముద్దలు కట్టే మంక్18-1 మీద దీన్ని వేసి చూశారు, ల్యాబ్‌లో పెంచిన నాడీకణాల్లో ప్రొటీన్ మెరుగుపడింది. ఆ దారిలోనే ఎస్‌టీఎక్స్‌బీపీ1 పిల్లల్లో దీన్ని పరీక్షించే ట్రయల్ అమెరికాలో మొదలుపెట్టారు. ట్రయల్ అంటే డోసు ఎంత, ఎవరికి ఇవ్వొచ్చు, ఏ హాని కలుగుతుంది అన్నీ చూసుకుంటూ, రక్తపరీక్షలు చేస్తూ ఇవ్వడం. వాట్సాప్‌లో తెప్పించిన పొడికి అవేవీ ఉండవు, పాప ఇప్పటికే వాడుతున్న ఫిట్స్ మందులతో కలిస్తే ఏమవుతుందో ఆ అమ్మేవాడు చెప్పలేడు. ఈ మందు పేరు మీ న్యూరాలజీ డాక్టర్ గారి ముందే ఎత్తండి, ఆయన వద్దంటే వద్దు, చూద్దాం అంటే ఆయన పర్యవేక్షణలోనే చూడండి.

జీన్ థెరపీ అంటే మంచి కాపీని వైరస్ పెంకులో పెట్టి మెదడు కణాల్లోకి పంపడం. ఎలుకల్లో బాగా పని చేసింది. మనుషులకు అది ఇంకా పరీక్ష దశలోనే ఉంది, ఎవరూ అమ్మే స్థితిలో లేదు. ఇక్కడ కూడా ప్రొటీన్ మోతాదే కీలకం, తక్కువైతే జబ్బు, కాబట్టి ఎంత పెంచాలి, ఏ కణాల్లో పెంచాలి అన్నది తేల్చడం చిన్న పని కాదు. నేను రోజూ ల్యాబ్‌లో చూసే పని ఇదే కాబట్టి చెప్తున్నాను, ఆశ ఉంది, బాగానే ఉంది, కానీ దానికి ఈ నెలలో అప్పు చేయాల్సిన పని లేదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది చేయండి. ఫిట్స్ మందులు పూట తప్పకుండా ఇవ్వండి, ఎవరి మాటా విని మధ్యలో ఆపకండి. కీటోజెనిక్ డైట్ (కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ ఉండే తిండి) ఈ పాపకు పనికొస్తుందా అని అడగండి, కొందరు పిల్లలకు ఉపయోగపడుతుంది, కానీ డాక్టర్, డైటీషియన్ చూసుకుంటూనే మొదలుపెట్టాలి. జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌లో ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీకి పేరు రాయించండి, ప్రైవేటులో వారానికి రెండుసార్లు కట్టే డబ్బు మిగులుతుంది. యూడీఐడీ కార్డుకు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఇప్పుడే అప్లై చేస్తే మంచిది.

నిమ్స్‌కు వెళ్లే రోజు రిపోర్టు అసలు కాగితాలు, ఈఈజీ, ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు తేదీలతో సహా, ఫిట్స్ వచ్చినప్పుడు ఫోన్లో తీసిన వీడియో తీసుకెళ్లండి. మూడు సంగతులు అడగండి: ఈ 406 మార్పు ఉన్న పిల్లలు ఇంతకు ముందు రికార్డు అయ్యారా, వాళ్లకు ఏ మందు పడింది, ఈ మార్పులో ప్రొటీన్ కరిగిపోతుందా ముద్ద కడుతుందా. మూడోదానికి అక్కడికక్కడ జవాబు రాకపోవచ్చు, అయినా అడిగి రాయించుకోండి, రేపు ట్రయళ్లు మన దాకా వస్తే మొదట చూసేది దాన్నే. వేరియంట్ రాసిన ఆ ఒక్క లైను నాకు మెసేజ్ పెట్టండి, దాని మీద వచ్చిన పేపర్లు వెతికి పంపిస్తాను. రిపోర్టు ఫొటో మాత్రం ఇక్కడ పెట్టకండి, పాప పేరు, హాస్పిటల్ నంబరు అందులో ఉంటాయి.